మాల్ రోడ్డు కమ్మీ మీద ఆరిన శాలువా

నా చిన్నప్పుడు నాకు ప్రతిదీ కంపే. పక్కవాడి టిఫిన్ డబ్బా కంపు, బడిలో పరిచే గోనెపట్టా కంపు, ముద్దు పెట్టుకోవడానికి వచ్చే ముసలమ్మల నోరు కంపు. నేను ముక్కు మూసుకుని ఛీ అంటే ఇంట్లో అందరూ నవ్వేవారు, వీడికి శుభ్రం ఎక్కువని మురిసిపోయేవారు. నేనూ అది గొప్పే అనుకున్నాను. ఇప్పుడు ఐర్లాండ్‌లో స్లైగో ఊరి దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లకు స్నానాలు చేయించి, పక్కబట్టలు మార్చి బతుకుతున్నాను. నాకూ వయసు మీద పడింది. ఆ ఛీ మాత్రం ఇంకా నన్ను వదల్లేదు.

మా మేనత్త డెహ్రాడూన్‌లో నర్సు. ఒక వేసవి సెలవుల్లో గుంటూరు నుంచి నన్ను తీసుకెళ్లి, మస్సూరీ చూపిస్తానని బస్సెక్కించింది. మన ఎండలు భరించలేక దొరలు కట్టుకున్న ఊరనీ, అక్కడ మబ్బులు మన కాళ్ల కింద తిరుగుతాయనీ ఊరించింది. అత్తకు వెనక సీటు దొరికింది. నా పక్కన, కిటికీ వైపు, ఒక కొండ ముసలమ్మ కూర్చుంది. ఎర్ర అంచు ఉన్ని శాలువా కప్పుకుంది. దాన్నిండా కట్టెల పొగ వాసన, ఆవనూనె వాసన.

"అత్తా, ఛీ, ఈ ముసల్ది కంపు కొడతంది. నేనిక్కడ కూర్చోను" అన్నాను ముక్కు మూసుకుని, గట్టిగానే. ఉత్తరాదికి వెళ్తే తెలుగు మనకు తలుపులేసుకున్న గది లాంటిదని మావాళ్లందరి నమ్మకం. కొట్టువాడి ఎదుటే నిలబడి వాణ్ని తిట్టుకుంటూ బేరం చేస్తాం. ముసలమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. శాలువా దగ్గరికి లాక్కుని, కిటికీకి ఒదిగి, మొహం బయటికి తిప్పుకుంది.

మలుపులు మొదలయ్యాయి. అత్త ఇచ్చిన నిమ్మకాయ వాసన చూస్తున్నా కడుపులో దేవింది. డీజిల్ పొగ, ఎవరో ఒలిచిన ఉడకబెట్టిన గుడ్డు వాసన, నా నోట్లో ఊరుతున్న ఉప్పునీళ్లు. పొద్దున తిన్న పూరీ, కూర అంతా ఆ శాలువా మీద కక్కేశాను. బస్సంతా ఛీ ఛీ అంది. ముందు సీటువాళ్లు లేచి దూరం జరిగారు. ముసలమ్మ మాత్రం శాలువా చెంగును దోసిలిలా పట్టింది, మిగిలింది కూడా అందులోనే కక్కమన్నట్టు. రెండో చేత్తో నా నుదురు పట్టుకుంది. అత్త వెనక సీట్లోంచి కదల్లేదు. కావాలనే కదల్లేదని తరవాత అర్థమైంది.

మస్సూరీలో దిగాక అత్త ఆమెతో హిందీలో మాట్లాడి సంగతి నాకు చెప్పింది. కూతురికి అక్కడి ఆసుపత్రిలో మగపిల్లాడు పుట్టాడు. తన పిల్లలందరినీ మొదట ఎత్తుకున్నది ఆ శాలువాలోనే. మనవణ్నీ అందులోనే ఎత్తుకోవాలని ఆమె ఆశ. సాయంత్రం గేటు మూశాక లోపలికి రానివ్వరు.

"ఉతుకు" అంది అత్త, కుళాయి చూపించి. తన స్వెటరు విప్పి ముసలమ్మ భుజాల మీద కప్పింది. "ఆమెకి తెలుగు రాదులే అనుకున్నావు. నీ ముక్కు చూళ్లేదనుకున్నావంట్రా?"

ఆ నీళ్లు మంచులా ఉన్నాయి. నా కక్కే అయినా, ఉన్ని పోగుల్లోంచి మెతుకుల్లాంటివి గోటితో తీస్తుంటే మళ్లీ డోకొచ్చింది. ఆ రోజు మస్సూరీలో నేను చూసింది మాల్ రోడ్డు అంచున దొరలు వేయించిన ఇనుప కమ్మీ ఒక్కటే. దాని మీద శాలువా ఆరేసి, ఎండ ఎటు జరిగితే అటు జరుపుతూ నిలబడ్డాను. గుర్రాల పేడ వాసన, లోయ నిండా జనం పారేసిన చెత్త. మధ్యాహ్నానికి పొగమంచు కమ్మేసింది. శాలువా ఇంకా తడిగానే ఉంది. ముసలమ్మ గేటు మూసే వేళ గురించి అత్తను మళ్లీ మళ్లీ అడుగుతోంది. అప్పుడు మొక్కజొన్న కంకులు కాల్చేవాణ్ని బతిమాలి, అతని బొగ్గుల కుంపటి మీద నన్ను శాలువా పట్టుకోమంది అత్త. తడి ఉన్నిలోంచి ఆవిరి లేచింది, దాంతోపాటు వాంతి కంపూ.

"వాసనొస్తుందా?" అనడిగింది అత్త.

"ఊఁ."

"రానీ. వాసన రాకుండా ఎట్టుంటుంది? నాకూ రోజూ వస్తుంది. మొహం మీదికి మాత్రం రానీకు."

శాలువా ఆరింది. దానికి మళ్లీ పొగ వాసన పట్టింది. పొద్దున నేను ఛీ అన్నది ఆ వాసననే. ముసలమ్మ దాన్ని ముక్కుకు ఆనించుకుని చూసి నవ్వింది. అత్త కొనివ్వగా తను కొరుకుతున్న కంకిలో సగం విరిచి నాకిచ్చి, ఆసుపత్రి దారిన గబగబా నడిచింది. నా అసహ్యం అక్కడితో తీరిపోయిందని రాస్తే అబద్ధం. ఎంగిలి కదా, కంకిని లోయలోకి విసిరేశాను. అదే క్షణంలో ఆమె వెనక్కి తిరిగింది. చూసింది.

మొన్న చలికాలం పొద్దున ఒక పెద్దాయన పక్క మారుస్తున్నాం, నేనూ కొత్తగా వచ్చిన తెలుగు కుర్రాడూ. పక్కంతా పాడైపోయి ఉంది. "ఛీ, పొద్దున్నే ఏం ఖర్మరా ఇది" అన్నాను, తెలుగులోనే. పెద్దాయన గోడ వైపు తిరిగి, దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. "సారీ, లాడ్స్. మీకెంత పని పెడుతున్నానో" అన్నాడు గోడకేసి చూస్తూ. యూ ఆర్ గ్రాండ్ అన్నాను, ఏం ఫర్లేదని. నా నోరు గ్రాండ్ అంది, నా ముక్కు ఏమన్నదో ఆయన అప్పటికే చూశాడు. కిటికీకి ఒదిగిన ఆ శాలువా కళ్లముందు కదిలింది. నా మీద నాకే డోకొచ్చింది.

ఇప్పుడు ఆయన గదిలోకి వెళ్లేముందు తలుపు బయట ఆగి మొహం సర్దుకుంటాను. లోపల ఇక్కడివాళ్లు ప్రెస్ అనే బట్టల బీరువాలోంచి ఆయన ఉన్ని కార్డిగన్ తీసి, స్నానమయ్యేదాకా గది వేడి చేసే రేడియేటర్ మీద అటూ ఇటూ తిప్పుతూ వెచ్చబెడతాను. ఆ పని నా చేతులకు మస్సూరీలోనే వచ్చేసింది. మొహానికి ఇంకా నేర్పుతూనే ఉన్నాను.