రంగు మేసే మంద

పొయ్యి అంటించకముందే దేవకమ్మకు ఇంకో పని ఉండేది. ముందురోజే నల్లబెల్లం ముక్క చెంబులో నానేసి పెట్టుకునేది. తెల్లారి లేవగానే ఆ బెల్లం నీళ్లు బొక్కెనలో పోసి, పచ్చిపేడ కలిపి, ఉండలు లేకుండా చేత్తో పిసికి, జారుగా చేసి గడప దగ్గర పెట్టేది. మొగుడు మునికృష్ణ మొహం కడుక్కుని వచ్చి బొక్కెనను సైకిలుకు తగిలించుకుని, "మంద కాడికి పోయొస్తా మే" అని ఆమెకు చెప్పి వెళ్లేవాడు. ఆ తర్వాతే ఇంట్లో మనుషులకు కాఫీ.

ఇప్పుడు మొట్టమొదట కాఫీయే. ఒక్క గ్లాసు. శ్రావణంలో ఒక మధ్యాహ్నం చెరుకుతోట గట్టు మీద కూర్చున్న మునికృష్ణ కూర్చున్నట్టే పోయాడు. అప్పటినుంచి దేవకమ్మ తెల్లారి పెరట్లోకి వచ్చి ఊరికే నిలబడుతుంది. చేతులకు ఏం చెయ్యాలో తోచదు. తడి ఆరని మంచులో కాసేపు అట్లా నిలబడి, ఎవరో పిలిచినట్టు లోపలికి పోతుంది. ఎవరూ పిలిచి ఉండరు.

ఆ మంద కంటికి కనబడేది కాదు. నగరి ఊళ్లో మరమగ్గాల నూలుకు రంగు అద్దే షెడ్ల నుంచి రంగునీళ్లు ఒకప్పుడు నేరుగా ఏట్లోకి పోయేవి. ఒకరోజు ఏరంతా కుంకుమ. మరునాడు వంకాయ రంగు. చూడటానికి పెళ్లివారి చీరలు ఆరేసినట్టు ఉండేది గానీ, ఆ నీళ్లు ఇంకిన చోట బావులు చెడిపోయాయి. మునికృష్ణ బావి కూడా అట్లాగే చెడింది. అప్పుడు తిరుపతి కాలేజీలో సైన్సు చెప్పే శ్రీరంజని అనే ఆవిడ వచ్చి, షెడ్ల యజమానులకు పెద్దగా ఉండే బాలసుబ్రమణ్యంతో మాట్లాడి, షెడ్ల వెనక పెద్ద సిమెంటు తొట్టి కట్టించింది. కంటికి ఆనని జీవాలుంటాయనీ, వాటిని పెంచితే నీళ్లలోని రంగునూ విషాన్నీ తిని అరిగించుకుంటాయనీ చెప్పింది. షెడ్ల వాళ్లు నవ్వారు. మునికృష్ణ నవ్వలేదు. గొడ్లను సాకినవాడు.

"మేతేసి, గాలాడేటట్ట సూసుకుంటే సాలు గదమ్మా, ఇంగేముండాది" అని ఆ పనికి కుదిరిపోయాడు.

అప్పటినుంచి ఆ ఇంట్లో మాటలన్నీ మంద మాటలే. తొట్టి దగ్గర వానకు తడిసిన చేను వాసన వస్తే మంద కడుపునిండా మేసినట్టు. కుళ్లిన గుడ్డు కంపు కొడితే అలిగినట్టు. "ఈపొద్దు ఎందుకో అలిగుండాయి మే, తొట్లోకి గాలి కొట్టే మోటారు సరిగా ఆడలేదేమో" అని సంగటి తింటూ దిగులుపడేవాడు. తొట్టి అడుగున పేరుకునే గోధుమరంగు బురదే ఆ మంద. దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

మునికృష్ణ పోయాక తొట్టి పని పెంచలయ్య చూస్తున్నాడు. మునికృష్ణ కింద చెయ్యి సాయంగా ఉన్నవాడే. మేత కూడా వాడే కలుపుకుంటున్నాడు.

ఆయుధపూజ వచ్చింది. ఆ ఊళ్లో ఆ రోజు మగ్గం ఆడదు. మగ్గాలనూ మోటార్లనూ రంగు కాచే కాగులనూ తోమి కడిగి, గంధం పెట్టి, కుంకుమ బొట్లు పెడతారు. మనిషి పోయి ఏడాది తిరగని ఇల్లు కాబట్టి దేవకమ్మ పూజకు గడప దాటలేదు. షెడ్లలో కొట్టే టెంకాయల చప్పుడు ఇంట్లోంచే విన్నది.

సాయంత్రం పెంచలయ్య బొరుగులూ పుట్నాలపప్పూ బెల్లమూ కలిపిన పొట్లం తెచ్చాడు.

"వదినా, ఈసారి పూజ సూడాల్సింది నువ్వు. అన్న పేరు నిలబెట్టినాము" అన్నాడు అరుగు మీద కూర్చుని, తనూ గుప్పెడు బొరుగులు తీసుకుంటూ.

"ఏం చేసినారప్పా అంతగా?"

"అన్న ఉన్నన్నాళ్లు ఆ తొట్టిని ఒక్క పండక్కి గూడా కడగనీలేదు గదా. పాపం, ఒక్క మనిషి, చెయ్యి ఆడలేదేమో అనుకున్నాము. ఈసారి నలుగురం దిగి ఆ బురదంతా ఎత్తిపోసి, బ్లీచింగు పౌడరు చల్లి, పొరకలతో రుద్ది రుద్ది కడిగినాము. లోపల కూర్చోని అన్నం తినొచ్చు వదినా, అట్లుండాది. నాలుగు పక్కలా బొట్లు పెట్టి, అన్న పేరు చెప్పి టెంకాయ గూడా కొట్టినాను."

దేవకమ్మ పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని ఆ మనిషి మొహం చూసింది. ఆ మొహం నిండా తృప్తి ఉంది.

"బురద యాడ పోసినారు?" అంది.

"యాడో రోడ్డు పక్కన ఎండలో పోసినాము, ఈపాటికి ఎండిపోయుంటాది. ఎందుకు వదినా?"

"ఆ బురదే మంద పెంచలయ్యా."

వాడికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక చేతిలోని బొరుగులు చేతిలోనే ఉండిపోయాయి.

పండగ మర్నాడు షెడ్లు ఆడాయి. ఎర్రనీళ్లు తొట్టిలోకి వచ్చి, ఎర్రగానే బయటికి పోయాయి. దేవకమ్మ చావు చూడటానికి పోయినట్టు పోయింది. తొట్టి గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. వాసన లేదు. ఏ వాసనా లేదు. ఆయన పోయిన రోజు కూడా ఇల్లు ఇంత ఖాళీగా అనిపించలేదు ఆమెకు.

బాలసుబ్రమణ్యం అక్కడే ఉన్నాడు. చెడ్డవాడు కాడు, తొందర మనిషి.

"ఏం చేసేదమ్మా? మునికృష్ణను నమ్మి నడిపినాము. ఆయన పోయె, ఆయన పెంచినవీ పోయె. దీపావళి లోపల నీళ్లు తేటపడితే సరి. లేదంటే మట్టి తోలించి తొట్టి పూడ్చేస్తాను. దాని మీద ఇంకో షెడ్డు పడతాది" అన్నాడు.

"మళ్లీ ఏట్లోకేనా అన్నా నీళ్లు?"

ఆయన ఏరు ఉన్న వైపు చూశాడు.

ఆ పూటే దేవకమ్మ బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతుకు పోయి, తిరుపతికి ఫోను చేయించుకుంది. శ్రీరంజనికి జరిగిందంతా చెప్పింది.

అవతల ఆవిడ అంతా విన్నది. తర్వాత మెల్లగా అంది. "తొట్టిలోవి పోయాయి, నిజమే దేవకమ్మగారూ. కానీ షెడ్ల వెనక పాత కాలువ ఉంది కదా. ఏళ్ల తరబడి రంగునీళ్లు పారిన కాలువ. ఆ బురదలో బతకాలంటే రంగు తినడం నేర్చుకోవాల్సిందే, వేరే తిండి లేదక్కడ. మొదట మీ ఆయనా నేనూ విత్తనం తెచ్చింది అక్కణ్ణుంచే. నల్లగా ఉన్న చోట తియ్యండి. చిన్నగా మొదలుపెట్టండి. రంగునీళ్లు కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి. రంగు విరిగేదాకా కదపకుండా మూతపెట్టండి, విరిగాక గాలి తగలనివ్వండి. నిలుస్తాయో లేదో నేను మాట ఇవ్వలేను. నాకు కుదిరినప్పుడు వస్తాను."

కాలువ దగ్గరికి పెంచలయ్య తలవంచుకుని వచ్చాడు.

"నన్ను నాలుగు తిట్టు వదినా. తిడితే గానీ నాకు కూడు దిగేటట్టు లేదు."

"తిట్టే ఓపిక లేదు నాకు. బొక్కెన పట్టు."

"అన్నయితే కొట్టేదానికి చెప్పు తీసుండేవాడు."

"తీసుకోడు. ఆయన చెప్పులు ఎప్పుడూ తొట్టి కాడే మర్చిపోయొచ్చేవాడు" అంది దేవకమ్మ. ఇద్దరికీ నవ్వు వచ్చింది. నవ్వాక ఇద్దరూ బురద తోడారు.

పెరట్లో బర్రెకు కుడితి పోసే రాతితొట్టి ఉంది. బర్రెను అమ్మేశాక ఖాళీగానే పడివుంది. దాంట్లో బురద వేసి, బెల్లం నీళ్లూ పేడా కలిపి, షెడ్డు నుంచి తెచ్చిన ఎర్రనీళ్లు ఒక్క చెంబు పోసి, గోనెపట్టా కప్పింది. తెల్లారి లేవగానే ఆమె చేతులకు మళ్లీ పని దొరికింది.

మొదట్లో ఇల్లంతా కుళ్లిన కంపు. పక్కింటి సుబ్బులమ్మ గోడ మీదుగా తొంగి చూసి, "ఏందే దేవకమ్మా, మొగుడున్నప్పుడే ఆ కంపు మోసింది సాలక, ఇప్పుడు ఇంట్లోనే పెట్టుకుంటివే" అని ముక్కు మూసుకుంది.

"అలిగుండాయక్కా. సర్దుకుంటాయి."

"ఎవరు అలిగేది? పిచ్చెక్కింది నీకు" అంటూనే సుబ్బులమ్మ తన ఇంటి పేడ ఒక తట్ట గోడ మీద పెట్టి పోయింది.

మధ్యాహ్నాలు దేవకమ్మ ఆ తొట్టి పక్కనే కొంగు పరుచుకుని పడుకునేది. ఎండ వేపాకుల్లోంచి చిల్లులు చిల్లులుగా పడేది. మెలకువో నిద్రో తెలియని ఆ వేళలో మంద కనిపించేది. ఆవగింజల కంటే చిన్న గొడ్లు, లెక్కలేనన్ని, ఏటి మీద వంగి రంగు తాగుతూ ఉండేవి. కొన్ని మూతులు ఎర్రగా, కొన్ని మూతులు పసుపుగా ఉండేవి. అవి తాగిన మేర ఏరు గాజులాగా తేటపడేది. వాటి వెనకాల మునికృష్ణ నడిచేవాడు. నీళ్ల మీద అడుగులు వేసినా తడి అంటేది కాదు. "యాడికి పోతా ఉండావు" అని అడిగేది. ఆయన వెనక్కి తిరిగి, "మేతకి మే" అని, ఏదో చిన్న పనికి పోతున్నట్టు సాగిపోయేవాడు. లేచి చూస్తే తొట్టి మీద గోనెపట్టా, పట్టా మీద ఒక తూనీగ.

ఒక పొద్దున పట్టా ఎత్తితే ఎరుపు లేదు. నీళ్లు పలచటి కషాయం రంగులో ఉన్నాయి. ఆమెకు నమ్మకం కలగలేదు. చెంబుతో ముంచి, కాఫీ తిరగబోసినట్టు ఎత్తి ఎత్తి పోసి గాలి తగలనిచ్చింది. రోజూ అట్లాగే చేస్తూ, రంగునీళ్లు కొంచెం పెంచుకుంటూ పోయింది. ఇంకో పొద్దున అట్లా పోస్తుండగా వాసన లేచింది. వానకు తడిసిన చేను వాసన.

అది మునికృష్ణ చొక్కా వాసన. పెళ్లయిన కొత్తలో చెమటా బీడీ కలిసిన వాసన ఉండేది. తొట్టి పనికి కుదిరాక ఇదే వాసన. ఆయన చొక్కాలన్నీ పదో రోజు ఉతికి, ఎవరెవరికో ఇచ్చేశారు. దేవకమ్మ చెంబు కింద పెట్టి, తొట్టి అంచు పట్టుకుని ఏడ్చింది. ఆయన పోయాక ఆమె ఏడవడం అదే మొదలు. గోడవతల సుబ్బులమ్మ విని కూడా తొంగి చూడలేదు.

దీపావళికి వారం ముందు, అడుగున కాస్త ఉంచుకుని, మిగతా అంతా బిందెలకు ఎత్తి పెంచలయ్య చేత పెద్ద తొట్టికి పంపింది. వాడు అడుగడుగునా నిలబడి, తొణక్కుండా మోశాడు. శ్రీరంజని కూడా తిరుపతి నుంచి వచ్చి, గాలి మోటారు సరిచేయించి, వచ్చే రంగునీళ్లు తగ్గించమని బాలసుబ్రమణ్యానికి చెప్పి పోయింది. షెడ్లు సగమే ఆడాయి. ఆయన గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు.

పండగ ముందురోజు అందరూ తొట్టి గట్టున చేరారు. బయటికొచ్చే నీళ్లను బాలసుబ్రమణ్యం గాజుగ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తాడు. ఎరుపు లేదు. నేరేడుపండు కడిగిన నీళ్లంత నీలం మాత్రం ఇంకా ఉంది.

"పూర్తిగా తేటపడలేదే" అన్నాడు.

"ఎరుపు తినేది నేర్సుకున్నాయన్నా. నీలానికి ఇంకా నోరు తిరగలా" అంది దేవకమ్మ.

ఆయన గ్లాసును మళ్లీ చూశాడు. ఏటి వైపు చూశాడు. మట్టి ట్రాక్టరు వాడు షెడ్డు ముందు కాచుకుని ఉన్నాడు. "పోయి ఇంకో తావున లోడు దించుకోపో" అని వాడికి చెప్పి, దేవకమ్మతో, "నీలం సంగతి సూడమ్మా. మేత నువ్వే కలిపి పంపించు. వీణ్ణి నమ్మితే పండగ చేసేస్తాడు" అన్నాడు. పెంచలయ్య నేల చూపులు చూశాడు.

దీపావళి నాడు ఆ ఇంట్లో పండగ లేదు. అయినా ఇల్లు ఇల్లే గదా అని దేవకమ్మ పొద్దున్నుంచీ కడుగుతూనే ఉంది. గడప కడిగింది. గిన్నెలు బూడిదతో తోమింది. పెరటి బండలు పొరకతో రుద్దింది. రుద్దుకుంటూ రుద్దుకుంటూ రాతితొట్టి దాకా వచ్చింది. అడుగున చెయ్యెడు బురద, గోడల చుట్టూ గోధుమరంగు పొర.

"దాన్ని గూడా ఒక్క రుద్దు రుద్దెయ్యవే, పండగపూట కండ్లకు బాగుండదు" అంది సుబ్బులమ్మ గోడ మీదినుంచి.

దేవకమ్మ గిన్నెలు తోమే పీచు చేతిలో పట్టుకుని తొట్టి ముందు కూర్చుంది. వీధిలో పిల్లలు టపాకాయలు కాలుస్తున్నారు. నీళ్ల మీద ఒక బుడగ లేచి, ఊగి, పగిలింది. ఇంకోటి లేచింది. ఆమె పీచును బండ మీద పెట్టి, కాళ్లు కడుక్కుని లోపలికి పోయింది.