రాక్షసి వైపు కథ

ఆమె రోజూ పొద్దున్నే ఉప్పునీళ్లు పుక్కిలించి, అద్దం ముందు నిలబడి ఒక్కసారి వికటంగా నవ్వేది. ఆ నవ్వు వినపడగానే పక్కింటావిడ లేచి పాలు పొయ్యి మీద పెట్టేది.

పిల్లల కోసం నాటకాలాడే బృందంలో ఆమెది ఏళ్ల తరబడి రాక్షసి వేషం. రాకుమారి వేషం సొంత చెల్లెలిది. నటనలో ఓనమాలు దిద్దించింది అక్కే. అయినా తెర పడగానే పిల్లలు బెల్లం చుట్టూ ఈగల్లా చెల్లెలి చుట్టూ మూగేవారు. అక్కను చూస్తే తల్లుల వెనక నక్కేవారు. తను గొంతు చించుకుని అరవాలి, చెల్లెలు మూర్ఛపోయి హాయిగా పడుకోవాలి. చప్పట్లు మాత్రం పడుకున్నదానికే! ఒక్క పిల్లయినా తన దగ్గరికి రాదా అని కోరలు ఊడదీసుకుంటూ కుళ్లుకునేది.

ఒకరోజు నాటకాలు రాసే మేష్టారిని పట్టుకుంది.

"రాకుమారిని ఎందుకు ఎత్తుకుపోయావని రాక్షసిని ఎవరైనా అడిగారా మేష్టారూ? దాని తోటలో పూలన్నీ కోసుకుపోయింది ఆ పిల్లే కదా! ఈసారి రాక్షసి వైపునుంచి చెబుదాం."

"భలే ఉందమ్మాయ్!" అని ఆయన వారంలో రాసేశారు.

వేషాలు పంచేటప్పుడు, "రాక్షసి, మీ చెల్లెలు" అన్నారు.

"అదేంటండీ! అది నా వేషం!"

"ఇప్పుడు రాక్షసే నాయిక కదా. దాన్ని చూసి పిల్లలు ఏడవాలి. మీ చెల్లెలిది జాలిమొహం."

"మరి నేను?"

"రాకుమారివి. పొగరుమోతు, పూలదొంగ. నీకది కొట్టినపిండి."

"పోనీ నువ్వే వెయ్యక్కా, నాకేం పర్లేదు" అంది చెల్లెలు.

ఆ మంచితనం పుండు మీద కారంలా తగిలింది. "నువ్వు దానం చేస్తే పుచ్చుకునేంత గతిలేనిదాన్ని కాదులే!" అని అట్టకిరీటం లాక్కుంది.

మొదటి ఆటలో, పూలు తెంపుతూ చెల్లెలి వైపు చూసిన ఆ చూపుకి నటన అవసరమే పడలేదు. ముందు వరసలోంచి ఒక పిల్ల లేచి, "దొంగమొహం! పెట్టేయ్ అక్కడ!" అని అరిచింది. ఆట అవగానే ఆ పిల్లే తిన్నగా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని నిలదీసింది: "ఎందుకు కోశావ్?"

"నాకు నచ్చాయి, కోశాను. నీకేంటి?" అంటూ ఆమె చెయ్యి విడిపించుకోకుండానే మోకాళ్ల మీద కూర్చుంది.

ఇప్పుడు ఆ నాటకం ప్రతి ఆదివారం ఆడుతోంది. ఆమెతో పోట్లాడటానికి పిల్లలు వరుస కడతారు. చెల్లెలి దగ్గర వరుస ఇంకా పొడుగు.