టెన్నంట్ క్రీక్ దాకా పెట్రోలు

ఫహ్మీదాకు కారు నడపడం బాగానే వచ్చు. నంద్యాల నుంచి డార్విన్‌కి నర్సుగా వచ్చిన మొదటి ఏడాదే లైసెన్సు తీసుకుంది. అయినా ఆస్పత్రి డ్యూటీకి బస్సులోనే వెళ్లేది. ఆమె నడిపితే మైలేజ్ పడిపోతుందని భర్త బాసిత్ తేల్చేశాడు. నీ కాలు బరువు, యాక్సిలరేటరు గట్టిగా తొక్కుతావు అన్నాడోసారి నవ్వుతూ. ఆ నవ్వు తర్వాత తాళాలు అతని జేబు దాటి రాలేదు. కొన్నాళ్లు ఆమె వాదించింది. తర్వాత పాప పుట్టింది, నైట్ డ్యూటీలు మొదలయ్యాయి, వాదించే ఓపిక పోయింది. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.

బాసిత్ చెడ్డవాడేం కాదు. వంట చేస్తాడు, కూతురు ఆలియా జుట్టు దువ్వి జడ వేస్తాడు. స్టీరింగు ముందు కూర్చుంటే మాత్రం వేరే మనిషి. వంద కిలోమీటర్లకు ఎంత పెట్రోలు తాగుతోందో చూపించే అంకె ఒకటి కారు తెర మీద ఉంటుంది. అది తగ్గితే అతని ముఖం వెలుగుతుంది. పెరిగితే పక్కనున్న వాళ్లెవరో తప్పు చేసినట్టు చూస్తాడు. అంకె బాగా తగ్గిన రోజు ఫొటో తీసి స్నేహితులకు పంపిస్తాడు.

మెల్‌బోర్న్ పక్క ట్రుగనీనాలో ఒక గోదాములో అతనికి ఉద్యోగం దొరికింది. వ్యాను కూడా నడపాల్సిన పని. సామాను లారీలో పంపించి, తాము ముగ్గురూ కారులోనే దేశం ఉత్తరం నుంచి దక్షిణానికి దాటాలని నిర్ణయించాడు. లారీలో పట్టని డబుల్ బెడ్ పరుపును కారు నెత్తిన తాళ్లతో కట్టాడు. అది గాలికి అడ్డం పడుతుందని, దాని ముందు మిగతా జాగ్రత్తలన్నీ దండగని ఫహ్మీదా చెప్పింది. టైర్లలో గాలి సరిగ్గా కొట్టించాను, ఏమీ కాదన్నాడు.

అక్టోబరు, అక్కడ ఎండలు ముదిరే కాలం. కాథరిన్ ఊరు దాటినప్పటి నుంచి ఏసీ ఆపేశాడు. అద్దాలు దించితే గాలి లోపలికొచ్చి కారును వెనక్కి లాగుతుందని అవీ దించనివ్వలేదు. వెనక సీట్లో ఆలియా ముఖం కందిపోయింది. ఫహ్మీదా రెండుసార్లు ఏసీ వేసింది, రెండుసార్లూ అతను ఆపాడు. మూడోసారి ఆమె మీట మీదే చెయ్యి పెట్టి ఉంచింది. అప్పుడే ముందు ఒక రోడ్ ట్రైన్ కనిపించింది. ఒక లారీ వెనక మూడు పెద్ద ట్రైలర్లు, రైలంత పొడుగు. ఏసీ సంగతి మరిచిపోయి బాసిత్ దాని వెనక్కి చేరాడు.

పెద్ద బండి గాలిని చీల్చుకుపోతుంటే దాని వెనక నీడలో వెళ్లే కారుకు శ్రమ ఉండదు. అంకె నిజంగానే దిగింది. అది చూసి అతను ఇంకా దగ్గరికి జరిగాడు. ఇంకా దగ్గరికి. ముందు ట్రైలరు వెనక తలుపు తప్ప మరేమీ కనపడటం లేదు. దూరం జరగమని ఆమె చెప్పింది. ఇలాంటి బళ్ల కిందికి దూరిన కార్లలోంచి తీసిన మనుషులను ఆస్పత్రిలో ఆమె తన చేతులతో తుడిచింది. ఆ సంగతీ చెప్పింది. ఇంకొంచెం దూరం ఇలా పోతే చాలన్నాడు. టైరు కింద ఎగిరిన రాయి వచ్చి ముందు అద్దానికి తగిలింది. సాలెగూడులా పగులు పాకింది. ఆలియా ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడు వెనక్కి తగ్గాడు.

తర్వాతి రోడ్‌హౌస్ దగ్గర ఆగారు. బంకూ, హోటలూ కలిసిన చోటు అది. రోడ్ ట్రైన్ కూడా అక్కడే ఆగింది. నెరిసిన గడ్డం డ్రైవరు దిగి నేరుగా వాళ్ల దగ్గరికి వచ్చాడు. తన వెనక కెమెరాలో అంతా చూశానన్నాడు. కంగారూ అడ్డం వచ్చి తను బ్రేకు వేసి ఉంటే ఏమయ్యేదో తెలుసా అని అడిగాడు. పోలీసులకు చెబుతాను, ఎవరు నడిపారు అని గట్టిగా అడిగాడు.

బాసిత్ తల దించుకుని పక్కకు చెయ్యి చూపించాడు.

"మై వైఫ్" అన్నాడు.

ఫహ్మీదాకు ముందు అర్థం కాలేదు. డ్రైవరు ఆమె వైపు తిరిగాడు. బండిలో పిల్లను పెట్టుకుని ఇదేం పనమ్మా అన్నాడు. అరవలేదు, అసహ్యంగా అన్నాడు. ఆమె బాసిత్ వైపు తిరిగింది. పక్కనున్న మనిషి తలెత్తి చూడటం లేదు.

"షీ డజన్ట్ ఈవెన్ డ్రైవ్" అంది ఆలియా, కళ్లు తుడుచుకుంటూ. "డాడీ నెవర్ లెట్స్ హర్."

డ్రైవరు బాసిత్‌ను పైనుంచి కిందికి చూశాడు. కారు నంబరు ఫోనులో ఫొటో తీసుకుని, ఇంకో మాట లేకుండా వెళ్లిపోయాడు.

"లైసెన్సులో పాయింట్లు పోతే కొత్త ఉద్యోగం పోతాది ఫహ్మీదా" అన్నాడు బాసిత్ మెల్లిగా. "నీకైతే నష్టం లేదని..."

"తాళాలియ్యండి."

"నీకు హైవే అలవాటు లేదు కదా."

"నేనే నడిపినానని మీరే చెప్పినారు కదా. ఇప్పుడు నడుపుతా. ఇయ్యండి."

ఇచ్చాడు. బంకులో పెట్రోలు అయిపోయిందనీ, ట్యాంకరు మర్నాడే వస్తుందనీ అప్పుడు తెలిసింది. కారులో ఉన్నది తర్వాతి ఊరు టెన్నంట్ క్రీక్ దాకా బొటాబొటిగా సరిపోతుంది. మధ్యలో ఉన్న బంకు కూడా మూతపడి ఉందని కౌంటర్లో అమ్మాయి చెప్పింది. ఫహ్మీదా వంటగదిలోంచి కత్తి అడిగి తెచ్చి, పరుపు తాళ్లు తెగ్గోసింది. బాసిత్ అది కొత్త పరుపన్నాడు. ఆమె వినలేదు. అక్కడ పనిచేసే వాళ్లకు కావాలంటే ఉంచుకోమని చెప్పి, గోడకు ఆనించి వచ్చేసింది. ఆలియా కోసం ఏసీ తక్కువలో పెట్టి బండి తీసింది.

మొదటి పది నిమిషాలూ కోపమే నడిపింది. కాలు దానంతటదే దిగిపోయింది. కారు ఉరికింది, మిగిలిన దూరం కంటే వేగంగా పెట్రోలు తరిగిపోతోందని తెర చెప్పింది. నీ కాలు బరువు అన్న మాట గుర్తొచ్చి ఆమెకు ఇంకా మండింది. ఈ మనిషి మాటను నేనే నిజం చేస్తానా అనుకుంది. కాలు ఎత్తింది. వేగాన్ని తొంభైకి దించి అక్కడే నిలిపింది. ఎత్తు వస్తే తొందరపెట్టలేదు, వాలు వస్తే బండిని దాని మానాన పోనిచ్చింది. చాలా ముందుకు చూస్తూ, బ్రేకు అవసరం రాకుండా నడిపింది. వెనక వచ్చిన బళ్లకు పక్కకు జరిగి దారి ఇచ్చింది. పళ్లు బిగించి, పాదం మాత్రం నిద్రపోతున్న పిల్ల మీద చెయ్యి వేసినంత మెత్తగా ఉంచడం ఎంత కష్టమో ఆ దారిలో తెలిసింది.

బాసిత్ ఒకసారి ఏసీ గురించి ఏదో అనబోయాడు.

"మాట్లాడొద్దు" అంది.

ఎర్రమట్టి మీద ఎండ పసుపు తిరిగే వేళకు టెన్నంట్ క్రీక్ చేరారు. ట్యాంకులో ఇంకా కొంత ఉంది. తెర మీది అంకె అతను ఎన్నడూ చూడనంత కిందికి దిగింది. బాసిత్ ఫోను తీసి దానికి ఫొటో తీశాడు. ఆమె చూసి, బండిని బంకు వైపు తిప్పింది. అక్కడి నుంచి మెల్‌బోర్న్ దాకా ఆమే నడిపింది. అన్నం తినమనడం, పాపకు నీళ్లివ్వడం తప్ప అతనితో మాటల్లేవు.

ట్రుగనీనా చేరిన వారంలో బాసిత్ స్నేహితుడు ఫుర్కాన్ భోజనానికి పిలిచాడు. నలుగురైదుగురు మగవాళ్లు బిర్యానీ ముందు కూర్చుని ఉండగా బాసిత్ ఫోను తీసి ఆ ఫొటో చూపించాడు. మా ఆవిడ నడిపింది చూడండి, పెట్రోలు లేని చోట కూడా మమ్మల్ని గట్టెక్కించింది అని గర్వంగా చెప్పాడు. అందరూ మెచ్చుకున్నారు. పెరుగు చట్నీ గిన్నె తెస్తున్న ఫహ్మీదా గుమ్మంలోనే ఆగిపోయింది.

"నేనెందుకు నడపాల్సి వచ్చిందో కూడా చెప్పండి" అంది.

బాసిత్ ఆమె వైపు చూశాడు, తర్వాత వద్దన్నట్టు తల ఊపాడు. ఆమె గిన్నె బల్ల మీద పెట్టి తనే చెప్పింది. రోడ్ ట్రైన్, రాయి, గడ్డం డ్రైవరు, మై వైఫ్ అన్న మాట. గొంతు పెంచలేదు. "అద్దం పగిలినందుకు కాదు నా కోపం. నా పిల్ల ముందర నన్ను దొంగను చేసినారు" అంది.

ఎవరూ తినడం లేదు. ఫుర్కాన్ ఏదో సర్దిచెప్పబోయాడు. బాసిత్ అతన్ని ఆపాడు.

"నిజమే. భయపడి చెప్పినా" అన్నాడు. "ఆమెది తప్పేం లేదు. అంతా నాదే."

ఆ మాట కోసమే ఆమె వేల కిలోమీటర్లు ఎదురుచూసింది. తీరా విన్నాక చల్లబడతాననుకుంది, చల్లబడలేదు. కొంచెం తగ్గింది, అంతే. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చేటప్పుడూ ఆమే నడిపింది. కొన్ని వారాలకు ఆ రోజు బండి ఎవరు నడిపారో రాయమని డార్విన్ నుంచి పోలీసు కాగితం వచ్చింది. బాసిత్ తన పేరే రాసి పంపాడు. ఉద్యోగం పోలేదు కానీ కొన్నాళ్లు వ్యాను ఇవ్వకుండా గోదాము లోపలే పెట్టారు.

ఇప్పుడు ఫహ్మీదా వృద్ధాశ్రమంలో డ్యూటీకి కారులో వెళ్తుంది. బాసిత్ బస్సెక్కుతాడు. దూర ప్రయాణానికి పోయేవాళ్లు మైలేజ్ కిటుకులు అడిగితే, నన్ను కాదు, ఆమెను అడగండి అంటాడు. అడిగినవాళ్లకు ఆమె ఓపిగ్గా చెబుతుంది. అతను వచ్చి పక్కన నిలబడితే మాత్రం ఇప్పటికీ ఒక్కోరోజు మాట ఆపేసి లోపలికి వెళ్లిపోతుంది.