పింగాణీ ఫ్యూజులో రాగి తీగ

ఆరేళ్లుగా ఒక చెంపదెబ్బను మోస్తున్నాను. నేను తిన్నది కాదు, కొట్టింది. మీకైనా చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది.

అప్పుడు అశోక్ నగర్‌లో ఒక హాస్టల్లో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాను. గదిగదికీ దొంగచాటు కరెంటు పొయ్యి. రెండు రోజులకోసారి ఫ్యూజు పోయేది. చిక్కడపల్లి నుంచి ఎలక్ట్రీషియన్ యాదగిరి అన్న వచ్చి, విసుక్కోకుండా కొత్త తీగ చుట్టి వెళ్లేవాడు. ఒకసారి పింగాణీ ఫ్యూజు మీది అంకె చూపించి నా తెలివి ప్రదర్శించాను.

“పదహారు ఆంపియర్లని రాసుంది కదన్నా, ఇంత సన్న తీగెందుకు?”

“గా అంకె పింగాణి ఎంత ఓర్సుకుంటదో చెప్తది తమ్మి. గోడల వైరు పాతది, పదికి మించి ఓర్వదు. ఎక్కువైతె ముందుగాల గీ తీగనే కరగాలె. లావు రాగి తీగ గిట్ల పెట్టకు, అది కరగదు, జర పైలం.”

విన్నాను. బుర్రకెక్కింది కూడా. అయినా మోడల్ టెస్టు ముందు రోజు ఫ్యూజు పోయి ఫ్యాను ఆగిపోతే, పాత వైరు ఒలిచి, నాలుగు రాగి పోగులు మెలిపెట్టి బిగించేశాను. తెలియక చేశానని ఇంతకాలం నాకు నేనే ఎందుకు చెప్పుకున్నాను?

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం గోడలో వైరు అంటుకుంది. ఫ్యూజు చెక్కుచెదరలేదు. నా గదిలో ఉండే శ్రీను మంటల్లోంచి పుస్తకాలు లాగబోయి రెండు చేతులూ కాల్చుకున్నాడు. అరచేతుల చర్మం అట్టలకు అంటుకుని ఊడొచ్చింది. కబురందుకుని పరుగెత్తుకొచ్చిన యాదగిరి అన్న ఫ్యూజు పీకి చూస్తున్నాడు. అంతలోనే కుర్రాళ్లు అతని కాలరు పట్టుకుని, నీ పని వల్లే ఇదంతా అంటూ మెట్ల మీదకు ఈడ్చారు. అతను తలెత్తి నన్ను చూశాడు.

“తమ్మి, నీకు చెప్పిన గద...”

ఆ మాట పూర్తి కాకూడదు. నాకు తోచింది అదొక్కటే. బలమంతా కూడదీసుకుని చెవీ చెంపా కలిపి కొట్టాను. ఆ తర్వాత మిగతావాళ్లకు పట్టపగ్గాల్లేవు. కిందపడ్డాక కూడా తన్నారు. నేనూ తన్నాను. అతని చెవిలోంచి రక్తం కారుతుంటే నాకు జాలి కలగలేదు, నిశ్చింత కలిగింది. ఇక మాట్లాడలేడు కదా! స్నేహితుడి కోసం కొట్టానని అందరూ నా భుజం తట్టారు. ఛీ, నేనూ మనిషినేనా?

పోయిన నెల నారాయణగూడలో యాదగిరి అన్న ఎదురుపడ్డాడు. “అన్నా, ఆ రాగి తీగ...” అన్నాను. అతను రెండో చెవి నా వైపు తిప్పాడు.

“గీ చెవుల చెప్పు సార్. ఆ చెవికి ఇనవడది.”

గుర్తుపట్టాడో లేదో తెలియదు. నేను బస్‌స్టాప్ ఎక్కడని అడిగాను. చూపించాడు.

ఆ రోజు నేను ఆపేసిన మాట ఇది: రాగి తీగ పెట్టొద్దని అతను నాకు చెప్పాడు. పెట్టింది నేనే.