బిడ్డ లేని బాలింత

రొమ్ములు కోయించుకున్న మనిషి అని మా ఊళ్ళో నా ఈడు ఆడవాళ్ళు ఇప్పటికీ నన్ను చెప్పుకుంటారు. నా ఎదుట అనరు, నేను ఊరుకోనని వాళ్ళకి తెలుసు. కోయించుకున్న మాట నిజమే. పూర్తిగా తీయించుకోలేదు, బరువు తగ్గించుకున్నాను. ఈ సంగతి ఇంటివాళ్ళకి తప్ప నోటితో ఎవరికీ చెప్పలేదు. కాగితం మీద పెడుతున్నా ఒళ్ళు ముడుచుకుపోతూనే ఉంది. ఇన్ని ఆసుపత్రులు వచ్చిన ఈ రోజుల్లో కూడా ఆ బాధ పడేవాళ్ళు పమిట నిండా కప్పుకుని మూల కూర్చోవడం చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను. మిషను బడిలో రెండో తరగతితో ఆగిన చదువు నాది. తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి.

తెల్లవాళ్ళ రాజ్యంలో వడ్ల ధర పడిపోయిన ఏళ్ళవి. నా పుట్టిల్లు తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. అత్తగారి ఊరు మండవల్లి వైపు, కొల్లేటి గట్టున. ఇరవై దాటిన తర్వాత నాకు మొదటి కడుపు వచ్చింది, సగంలోనే పోయింది. ఆ కడుపుతో పెరగడం మొదలెట్టిన రొమ్ములు మాత్రం కడుపు పోయినా తగ్గలేదు. ఇంకా పెరిగాయి. కూర్చుంటే ఒళ్ళోకి వచ్చేవి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. ఆయన పాత పంచె చింపి, మడతలు వేసి, బిగుతుగా బాడీ కుట్టుకున్నాను. దాని పట్టీలు భుజాల్లోకి దిగబడి గాడులు పడ్డాయి. ఈనాటికీ వేలు పెడితే ఆ గాడులు తెలుస్తాయి.

ఎండాకాలం వస్తే కింది మడతల్లో చర్మం ఒరిసి పుండ్లయ్యేవి. చెమట పీలుస్తుందని బియ్యప్పిండి అద్దుకునేదాన్ని. అది పులిసిపోయి వాసన వేసేది. ఆదివారం ప్రార్థనలో చాప మీద నా పక్కన కూర్చున్నామె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటే, తల ఇంకా వంచేసి, గట్టిగా ప్రార్థన చేసుకుంటున్నట్టు ఉండేదాన్ని. దేవుణ్ణి ఆ పూట ఏమీ అడిగేదాన్ని కాదు. ఆవిడ లేచి వెళ్ళిపోతే చాలు అనుకునేదాన్ని.

ఊడ్పుల్లో మరీ కష్టం. వంగితే ఆ బరువంతా ముందుకు వేలాడి మెడ పీకేసేది. ఒకరోజు వరసలో నా పక్కనున్న ఆవిడ అంది:

"ఏవమ్మోయ్, నారు చేత్తో నాటుతున్నావా, గుండెల్తో నాటుతున్నావా? చేలో బురదంతా నీకే అంటింది!"

"ఊరుకోండే పాపం," అని అవతలి నుంచి ఇంకొకామె. "ఊళ్ళో పిల్లలందరికీ ఆ ఒక్కతే సరిపోద్ది. గేదెల్ని అమ్మేసుకోవచ్చు."

వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకో మాట వస్తుంది.

మా అత్తగారు నవ్వలేదు. ఆ సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ ఆవిడే అంది: "ఏలూర్లో మిషను ఆసుపత్రిలో దొరసాని డాక్టరమ్మ ఉందంట. అబ్బాయిని తీసుకుని వెళ్ళు. ఏం చేసినా చెయ్యమను గాని, పాలు పోయే పని మాత్రం చెయ్యనియ్యమాకు. తల్లిపాలు లేకపోతే ఈ నీళ్ళల్లో పిల్ల బతకదు."

ఆ మాట ఊరికే అనలేదు. కొల్లేటి నీళ్ళు కలిపిన గేదెపాలు పట్టి, విరేచనాలతో ఇద్దరు మనవల్ని పోగొట్టుకుంది ఆవిడ. మా తోటికోడలికి పాలు పడలేదు. ఆ ఇంటికి ఇక నేను కనాల్సిందే, నా పాలతోనే బతికించాల్సిందే.

కొల్లేరు నిండుగా ఉంది. తాటిదోనెలో బయలుదేరాం. నడిపే అతను నాకేసి చూసి, "మధ్యలో కూర్చోండమ్మా, ముందుకి ఒరగకండి" అన్నాడు. ఎవరికైనా చెప్పే మాటే అది. నాకు మాత్రం నీళ్ళల్లోకి దూకేద్దామన్నంత సిగ్గేసింది.

డాక్టరమ్మ పుస్తకంలో ఉన్నట్టు తెలుగు మాట్లాడేది. పమిట తియ్యమంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పగటి వెలుతురులో నన్ను అలా ఆయన కూడా చూడలేదు. భుజాల గాడులు తడిమింది, పుండ్లు చూసింది, మొహం చిట్లించలేదు.

"తీసివేయుట కాదు. చిన్నవి చేసి కుట్టెదను," అంది.

"మరి పాలండీ?"

"చెప్పలేను. రావచ్చును, రాకపోవచ్చును. ఒక ప్రక్క మాత్రమే రావచ్చును. స్పర్శ తగ్గును. మచ్చలు పోవు. మరల గర్భము వచ్చినచో కొంత పెరుగును. ఇవన్నియు తెలిసి ఒప్పుకొనుము. లేనిచో ఇంటికి పొమ్ము."

ఇప్పుడు డాక్టర్లు ఇంకా బాగా చేస్తారట. అయినా ఆ ప్రశ్నలే మీరూ అడగండి. జవాబు సరిగ్గా చెప్పనివాళ్ళ చేతిలో ఒళ్ళు పెట్టకండి.

వరండాలోకి వచ్చి ఆయనకు చెప్పాను. "నువ్వు తిన్నగా నిలబడి ఎన్నాళ్ళయింది?" అన్నాడు. నాకు గుర్తు రాలేదు. "చేయించుకో. అమ్మకి ఉన్నదున్నట్టు నేను చెప్తాను," అన్నాడు. చెప్పాడు కూడా. ఆవిడ ఆసుపత్రికి మాత్రం రాలేదు. మా అమ్మ వచ్చింది.

ఆపరేషను రోజున నన్ను నిలబెట్టి, దర్జీ గుడ్డ మీద సుద్దతో గీసినట్టు ఒంటి మీద నీలం గీతలు గీసింది డాక్టరమ్మ. కళ్ళు మూసుకుని నిలబడ్డాను. తర్వాత మత్తుకి క్లోరోఫారం. మెలకువ వచ్చాక కడుపులో తిప్పి ఒకటే వాంతులు, ప్రతి వాంతికీ కుట్లన్నీ లాగేవి. గుండెల చుట్టూ వెడల్పాటి పట్టీ, రెండు పక్కలా చెడు నీరు కారిపోవడానికి సన్నటి రబ్బరు గొట్టాలు. ఆ నొప్పిలోనే తలుపు దగ్గర మా అమ్మ గొంతు వినపడింది.

"కోసిందేదీ? కుండలో పెట్టి ఇయ్యండి, పాతిపెట్టుకుంటాం."

"అది కాన్పులో పడే మాయ కాదండీ పెద్దమ్మగారూ," అంటోంది నర్సు.

"దాని ఒంట్లోంచి వచ్చిందేగా! కుక్కలకి పడేస్తావా ఏంటి?"

చివరికి ఆసుపత్రి వెనక గొయ్యిలో వాళ్ళే పాతుతుంటే దగ్గరుండి చూసొచ్చింది. అప్పుడే నాకు తెలియాల్సింది, మా అమ్మ లెక్కలో ఇది కాన్పేనని.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పినవి ఇవి. పట్టీ తడవకూడదు. తలగడలకి ఆనుకుని సగం కూర్చున్నట్టు పడుకోవాలి. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచాలి, తల ఇంకొకరు దువ్వాలి, బిందె ఎత్తకూడదు. గుడ్డు, చేప, ఆకుకూర తినాలి. నీళ్ళు బాగా తాగాలి. ఎక్కడైనా వేడిగా, ఎర్రగా, వాసనగా ఉంటే వెంటనే రావాలి.

పుట్టింటికి వెళ్ళాం. గడప దాటగానే మా అమ్మ నా చెవుల్లో దూది కుక్కి తలకి గుడ్డ కట్టింది. నులకమంచం కింద కుంపటి పెట్టింది.

"ఇదేంటమ్మా? కాన్పయిందా నాకు?"

"నోరు మూసుకో. పాల తావున కత్తి పడింది. అవి ఎండిపోకుండా ఉండాలంటే బాలింత పథ్యం తప్ప ఇంకేం లేదు. చేప తింటే చీము పడుద్ది. నీళ్ళు తాగితే ఒళ్ళు ఉబ్బుద్ది. మీ డాక్టరమ్మ ఎంతమందిని కన్నదేంటి?"

పొద్దున్నే బాలింతలకి పెట్టే కాయం ఉండ, మధ్యాహ్నం పాతబియ్యం అన్నంలో వెల్లుల్లి కారం, సాయంత్రం సాంబ్రాణి పొగ. దాహం అంటే వెచ్చటి నీళ్ళు ఒక గుక్క. నేను గట్టిగా కాదనలేదు. పాల మీద ఆశ నాకూ ఉంది. అత్తగారి మాట చెవిలో దూది పెట్టినా వినపడుతూనే ఉంది.

మిరియాలు, సొంఠి, వెల్లుల్లి వేయించి బెల్లంతో నూరిన కాయం వాసన దాచితే దాగేది కాదు. అది ఏ ఇంట్లోంచి వస్తే ఆ ఇంట్లో పురుడు వచ్చినట్టే. ఎదురింటావిడ పసిబిడ్డకి పనికొస్తాయని మెత్తటి పాతగుడ్డలు మడతపెట్టుకుని వచ్చేసింది.

"ఏం వదినా, కబురైనా లేదు! మగా, ఆడా?"

"ఏం లేదు," అంది మా అమ్మ.

"ఏం లేదంటే? కాయం ఘాటు మా వంటింట్లోకి వస్తంటే! ఎక్కడే పిల్ల?"

మంచం మీదా, మంచం పక్కనా వెతికింది. నా మొహం చూసింది. గుండెల మీద పట్టీ చూసింది. గుడ్డలు ఆవిడ చేతిలోంచి జారిపోయాయి.

"అయ్యో నా తల్లీ. దక్కలేదా?"

మా అమ్మ వంగి కుంపటి ఎగదోసింది. ఒప్పుకుంటే చచ్చిన బిడ్డ తల్లిని, కాదంటే రొమ్ములు కోయించుకున్నదాన్ని. రెంటిలో ఏది చెప్పను? తల వంచుకున్నాను. ఆవిడ దాన్నే జవాబుగా తీసుకుంది.

ఇక వీధి వీధంతా వచ్చింది. పుట్టని బిడ్డ కోసం ఒకరి తర్వాత ఒకరు నా మంచం పట్టి మీద కూర్చుని ఏడ్చారు. పాలు కట్టి నొప్పెడుతుంటే, అవి ఎండిపోవడానికి మల్లెపూలు కట్టుకోమని ఒకామె చెప్పింది. అంతకుముందు నిజంగా నా కడుపు పోయినప్పుడు ఒక్కరూ రాలేదు, సగంలో పోయిన కడుపుకి ఏడవడం మాలో లేదు. ఈ అబద్ధపు బిడ్డకి మాత్రం అందరూ ఏడ్చారు. సొంత బిడ్డని ఆ మధ్యే పోగొట్టుకున్న ఒక పిల్ల నా చెయ్యి పట్టుకుని ఎక్కిళ్ళు పెట్టింది. ఆ చెయ్యి లాక్కోలేక, ఉంచలేక నేను పడ్డ సిగ్గు డాక్టరమ్మ ముందు పమిట తీసినప్పుడు కూడా పడలేదు.

ఇంతలో ఎడమవైపు సలపడం మొదలైంది. కుంపటి వేడి అనుకున్నాను. పట్టీ మీద పసుపుపచ్చ తడి కనపడింది, వాసన వేసింది. చూస్తే ఒకచోట కుట్టు విడిపోయి, చనుమొన నల్లబడుతోంది. మా అమ్మ ఇంకో కాయం ఉండ పట్టుకొచ్చింది. చెవుల్లో దూది నేనే పీకి పారేశాను.

"బండి కట్టించు. గూడెం స్టేషనుకి వెళ్ళాలి."

"చల్లగాలి తగులుద్దే!"

"కట్టిస్తావా, నడిచి పోనా?"

కట్టించింది. రైల్లో నా పక్కన కూర్చుని ఏలూరు దాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. డాక్టరమ్మ పట్టీ విప్పుతూ ఆగి, నా తల దగ్గర వాసన చూసింది.

"ఇది ఏమి వాసన? నీవు ప్రసవించితివా?"

నర్సు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను. డాక్టరమ్మ మా అమ్మని పిలిచి, ఆ పథ్యం ఎందుకు పెట్టిందో అంతా విని, కోప్పడకుండా ఒక్కటే అంది: "గాయము మానుటకు కూడా తిండి కావలెను, నీరు కావలెను." మా అమ్మ ఆ తర్వాత ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ చేపలపులుసు తనే వండి తెచ్చింది. ఉప్పు వేసి కాచిన నీళ్ళతో రోజూ కడిగి, గుడ్డ మార్చి, గాయం మాన్పారు. కుడివైపు చక్కగా కుదిరింది. ఎడమవైపు మొన కొంత పోయి, ముడతపడిన మందపాటి మచ్చ మిగిలింది.

"ఈ ప్రక్క పాలు రావు," అంది డాక్టరమ్మ.

అత్తగారింటికి వెళ్ళిన రోజు ఆవిడ గుమ్మంలో నిలబడి నన్ను కింది నుంచి పైకి చూసింది. ఎడమవైపు సంగతి నేనే చెప్పాను. విని, "కుడివైపో?" అంది. "తెలియదండి," అన్నాను. నాకు మెడనొప్పి లేదు, ఊపిరి ఆడుతోంది, పుండ్లు లేవు. తర్వాతి ఊడ్పులకి వరసలో అందరితో సమానంగా నాటాను. అంత సుఖంలోనూ, ఆవిడ నాకేసి చూసినప్పుడల్లా పమిట సర్దుకునేదాన్ని.

మళ్ళీ కడుపు వచ్చినప్పుడు, డాక్టరమ్మ చెప్పినట్టే, కొంత పెరిగాయి. మచ్చలు సాగి దురద పెట్టాయి. ఆముదం రాసుకున్నాను. పురిటికి పుట్టింటికి పంపనంది అత్తగారు. "అక్కడ కాయం తిన్నది చాలు," అంది. అప్పటిదాకా ఆ కథ ఆవిడకి తెలుసని నాకు తెలియదు.

ఆడపిల్ల పుట్టింది. పాలు పడే రోజు ఎడమవైపు రాయిలా గట్టిపడి జ్వరం వచ్చింది. దారి లేని పాలు లోపలే ఉండిపోయాయి. తడిగుడ్డలు వేసుకుంటే నాలుగైదు రోజులకు తగ్గి ఎండిపోయాయి. కుడివైపు పిల్లని పెట్టాను. అత్తగారు ఎదురుగా గొంతుక్కూర్చుని, కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. పిల్ల లాగింది, వదిలేసి ఏడ్చింది, మళ్ళీ పట్టుకుంది. మూతి పక్కనుంచి తెల్లగా ఒక బొట్టు కారింది. ఆవిడ వేలితో ఆ బొట్టు తుడిచి, వేలికేసి చూసి, లేచి వంటింట్లోకి వెళ్ళింది. కొర్రమేను పులుసు, అన్నం తెచ్చి నా ముందు పెట్టింది.

"తిను. రెండు పక్కలదీ ఇక ఒక పక్కనించే రావాలి."

పిల్లని చూడ్డానికి ఊడ్పుల ఆడవాళ్ళు వచ్చారు. ఆ రోజుల్లో అందరి ముందూ పాలివ్వడం మామూలే. పిల్ల ఆకలికి ఏడ్చింది. నేను గోడవైపు తిరిగి కూర్చుని పమిట కింద పెట్టుకున్నాను.

"ఇటు తిరగవే," అంది మా అత్తగారు. "గోడకిస్తున్నావా పాలు?"

అందరూ నవ్వారు. ఈసారి ఆవిడా నవ్వింది. నేను తిరగలేదు. వీపు అటే పెట్టి, మెడ వంచుకుని కూర్చున్నాను. పిల్ల గుటకలు మాత్రం గదిలో అందరికీ వినపడ్డాయి.