పెద్ద చక్రం పైనా, కిందా?

అమ్మ మోకాళ్ళు వాచి తొక్కుడు మిషను ముందు నుంచి లేచిన ఏడు, మా ఇంట్లో ఒక అయోమయం కాపురం పెట్టింది. దానికి అద్దె అడగకుండా ఆశ్రయం ఇచ్చినవాణ్ణి నేనే.

అప్పుడు మేముండేది కామాటిపురాలో, పొడుగాటి వరండా వెంట గదులు వరుసగా ఉండే ఒక చాల్ రెండో అంతస్తులో. పేరుకు చాల్ గానీ అక్కడ "చాలు" అన్న మాట ఎవరి నోటా వినలేదు. జాగా చాలదు, నీళ్ళు చాలవు, వరండాలో బట్టల తాళ్ళు కట్టుకోవడానికి గోడ చాలదు. మా తాత పాలమూరు నుంచి కట్టడాల పనికి వచ్చినవాడు. నాయన కాంక్రీటు మిక్సర్ దగ్గర నిలబడి ముసలివాడయ్యాడు. అమ్మ పెళ్ళైన కొత్తలో స్లాబు పనిలో తట్టలు అందించింది, నేను పుట్టాక కుట్టు మిషను ముందు కూర్చుంది.

అమ్మ కుట్టేవి రవికలు కాదు, తాపీ పనివాళ్ళ సంచులు. మందపాటి కాన్వాసు, అంచుల దగ్గర నాలుగు మడతలు. లోపల తాపీకి ఒక అర, తూకం గుండుకు ఒక అర, రసమట్టానికి పొడుగాటి గొట్టంలాంటి అర, భుజాన వేసుకోవడానికి పట్టీ. ఊరినుంచి వచ్చినవాళ్ళు పొద్దున్నే నాకా మీద, అంటే కూలీలు పనికోసం నిలబడే కూడలిలో, గుంపుగా నిలబడతారు. గోనెసంచి పట్టుకున్నవాడు మట్టి మోసేవాడు, కాన్వాసు సంచి వేసుకున్నవాడు తాపీ పట్టేవాడు. మేస్త్రీ మొహం చూడడు, భుజం చూస్తాడు. అందుకని ఊరివాళ్ళు చేతిపని నేర్చుకోగానే ముందు మా అమ్మ దగ్గరికి వచ్చేవాళ్ళు.

అమ్మ కుట్టేటప్పుడు గొంతులోనే ఒక లెక్క పెట్టుకునేది. "ఇయ్యి, పట్టు. ఇయ్యి, పట్టు." స్లాబు పోసేటప్పుడు ఆడవాళ్ళు వరుసగా నిలబడి తట్ట ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందించే కేక అది. సూది దిగినప్పుడు "ఇయ్యి", కింది దారం అందుకున్నప్పుడు "పట్టు". పైదారం ఇస్తుంది, కిందిదారం పడుతుంది. కుట్టంటే అంతే కదా, అనేది.

మోకాళ్ళు వాచాక ఆ లెక్క ఆగిపోయింది. పాత మిషనుకు చిన్న మోటారు తగిలించి చూశాం. కాన్వాసు ముందు అది మూలిగి ఊరుకుంది. కత్తిరించిన సంచులు మంచం కింద దొంతరగా పడి ఉన్నాయి. వాటి తాలూకు మనుషులు వారానికొకసారి వచ్చి, గడపలో నిలబడి, అమ్మ మోకాళ్ళను పరామర్శించి వెళ్ళేవాళ్ళు. సంచి సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. అమ్మకు అదే ఎక్కువ నొప్పి.

నేనప్పటికి నాగ్‌పాడాలో చొక్కాల కార్ఖానాలో కాలర్లు కుట్టేవాణ్ణి. మోటారు మిషను మీద నా వేగం చూసి పక్కవాళ్ళు నన్ను ఎక్స్‌ప్రెస్ అనేవాళ్ళు. అందులో పొగడ్త ఎంతో, స్టేషన్లలో ఆగడని ఎత్తిపొడుపు ఎంతో నాకు తెలియలేదు. మా కార్ఖానాలో ఒక పాత మిషను తీసేస్తుంటే అడిగి ఇంటికి తెచ్చాను. బల్ల కింద పెద్ద మోటారు, తొక్కక్కర్లేదు, పెడల్ మీద పాదం ఆనిస్తే చాలు. అమ్మ మోకాలికి ఇంతకన్నా మందేముంటుంది అనుకున్నాను.

అమ్మ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి కూర్చుంది. కాన్వాసు పెట్టి పాదం ఆనించింది. తొక్కుడు మిషనుకు అలవాటైన పాదం కాబట్టి కాస్త గట్టిగానే ఆనించింది. మిషను కేక పెట్టింది. సూది విరిగింది. విరిగేలోపల సంచి పట్టీతోపాటు అమ్మ కొంగు కూడా జానెడు మేర కుట్టుకుపోయింది. ఇంకో రెండు అంగుళాలు జరిగితే కొంగు తర్వాత వేళ్ళే.

అమ్మ కొంగు విప్పుకుంటూ మెల్లగా అంది. "గిది కుట్టుడు గాదు బిడ్డా, కుట్టి ఉరుకుడు." తేలుకూ దీనికీ తేడా లేదని ఆమె భావం. ఆ తర్వాత చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం నాయనతో, ఆదివారం లోపల ఇది నిమ్మళం కాకపోతే మంచం కింది గుడ్డలు ఎవరివి వాళ్ళకు ఇచ్చేద్దామని, పాత మిషను కూడా ఎవరికైనా ఇచ్చేద్దామని చెప్పింది. కోపంగా కాదు. కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు భయం వేసింది.

చేతిలో అయిదు రోజులున్నాయి. మిషనును పరిగెత్తించడం తప్ప ఇంకేమీ తెలియనివాడికి దాన్ని నడిపించమని పని పడింది.

మొదట పక్కగది మామ వచ్చాడు. నిజానికి మామ కాడు, వరసకు ఏమీ కాడు, వైరింగు పనివాడు కాబట్టి అందరికీ మామ. ఫ్యాను వేగం తగ్గించేది రెగ్యులేటరే కదా, మోటారైనా ఫ్యానైనా తిరిగేదే కదా అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. నాకు ఎవరేం చెప్పినా నిజమే అనిపించే రోజులవి. మా ఇంటి ఫ్యాను రెగ్యులేటరే ఊడదీసి మిషనుకు కలిపాం. మోటారు తిరగలేదు, ఆగనూ లేదు. కడుపునొప్పి వచ్చినట్టు ఒకటే మూలుగు. కాసేపటికి రెగ్యులేటర్ నుంచి కాలిన వాసన వచ్చింది. మామ తీగలు పీకేసి, ఇది వేరే రకం మోటారు అని ప్రకటించి, టీ తాగి వెళ్ళాడు.

"మిషిను ఆగలే గని ఫ్యాను ఆగింది," అంది అమ్మ, విసనకర్ర వెతుక్కుంటూ.

మర్నాడు కార్ఖానాలో మిషన్లు బాగుచేసే మెకానిక్కును అడిగాను. ఆయన నోట్లో ఎప్పుడూ పాన్ ఉంటుంది కాబట్టి రెండు మాటలకు మించి మాట్లాడడు. "పుల్లీ బదల్," అన్నాడు. పుల్లీ అంటే బెల్టు ఎక్కే చక్రం. మోటారుకొకటి, మిషనుకొకటి ఉంటాయి. ఏది మార్చాలి, చిన్నది పెట్టాలా, పెద్దది పెట్టాలా అని అడుగుదామనుకునేలోపు ఆయన ఉమ్మడానికి వెళ్ళాడు. ఇంటికొచ్చి, పుల్లీ మారిస్తే పులి పిల్లి అవుతుందట అని చెప్పాను. నా మాటకు నేనే మురిసిపోయి, అసలు ప్రశ్న మరిచిపోయాను.

నాయనకు మాత్రం సందేహం లేదు. జీవితమంతా మిక్సర్ పక్కన నిలబడ్డవాడు.

"పెద్దది ఎప్పుడన్న ఉరుకంగ చూసినవార? మిక్సర్ల సూడు. గంత పెద్ద డ్రమ్ము ఎంత నిమ్మళంగ తిరుగుతది. చిన్నదే చెంగుచెంగున ఎగురుతది. మోటరుకు పెద్ద చక్రం ఎక్కియ్యి, బస్."

ఇందులో తప్పెక్కడుందో నాకు కనబడలేదు. పెద్దవాళ్ళు మెల్లగా నడుస్తారు, చిన్నపిల్లలు ఉరుకుతారు. పెళ్ళిలో పెద్దలు నిదానంగా తింటారు. లోకమంతా నాయన పక్షానే ఉన్నట్టుంది. నాగ్‌పాడాలో ఇనుము చెక్కే లేత్ మిషను పెట్టుకున్న ఒకాయన దగ్గరికి వెళ్ళి, ఉన్నదానికి రెట్టింపు సైజు చక్రం చేసిమ్మన్నాను. దేనికి అని అడిగాడు. మోటారుకు అన్నాను. ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి అదే చెప్పాను. నా మొహంలోకి ఒక క్షణం చూసి, తల అడ్డంగా ఆడించి, మోటారు ఇరుసుకు సరిపడా కన్నం పెట్టి, మెరిసే అల్యూమినియం చక్రం చేతికిచ్చాడు. ఆ తలాడింపుకు అర్థం నాకు చక్రం బిగించాక గానీ తెలియలేదు.

శుక్రవారం సాయంత్రం నాయన, నేను బల్ల కింద దూరి చక్రం ఎక్కించాం. బెల్టు బిగించాం. అమ్మను కూర్చోమన్నాం. ముందు మీరు చూడండి అంది. ఆ మాటకు ఈ రోజుకూ దణ్ణం పెడతాను. నేను కూర్చుని పాదం ఇలా ఆనించానో లేదో, బల్ల గోడవైపు నడవడం మొదలుపెట్టింది. కాన్వాసు నా చేతుల్లోంచి జారి అవతల పడింది. దాని మీద కుట్టు ఉంది. ఎటు పోయిందో చూస్తే నేరుగా పోయి, పక్కకు తిరిగి, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆ కుట్టుకు కూడా దారి తెలియలేదన్నమాట. గ్రాంట్ రోడ్ స్టేషన్లోంచి బండి మెట్లెక్కి వచ్చిందా ఏంది అని కింది అంతస్తు నుంచి ఎవరో అడిగారు.

స్విచ్చి ఆపేశాం. వేగమంతా ఆగం అయింది. నాయన చక్రాన్ని చూస్తున్నాడు, అది తన కొడుకైనట్టు, పరీక్ష తప్పినట్టు. నేను రెండు చక్రాలనూ మార్చి మార్చి చూస్తున్నాను. పెద్దది మెల్లగా తిరగాలి. పెద్దది పెట్టాం. ఇంకా వేగమైంది. అయితే పెద్దదేదో చిన్నదేదో నాకు తెలియదా? కళ్ళు తప్పా, లెక్క తప్పా?

అమ్మ మంచం మీంచి లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ, మూలనున్న పాత తొక్కుడు మిషను దగ్గరికి వెళ్ళింది. దాని కింది చక్రం మీద చెయ్యి వేసింది.

"దీనికి పెద్ద చక్రం యాడున్నది?" అని నన్నడిగింది.

"కింద."

"పైన?"

"చిన్నది."

"నేను కింద ఒక్కసారి తొక్కితె పైన సూది ఎన్నిసార్లు దిగుతది?"

నాకు తెలియదు. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడు వింటూ నిద్రపోయినవాణ్ణి, ఎన్నడూ లెక్కపెట్టలేదు.

"నాలుగుసార్లు. నాలుగుసార్లు 'ఇయ్యి పట్టు' అంటె ఒక తొక్కుడు. తిప్పేది పెద్దగుంటె తిరిగేది ఉరుకుతది బిడ్డా. గందుకే కింద పెద్దది పెట్టిండ్రు, కాలుకు పని తక్కువుండాలెనని. మనకు ఉల్టా గావాలె. కింద చిన్నది, పైన పెద్దది." తర్వాత నాయన వైపు తిరిగింది. "నీ మిక్సర్ల మోటరుకు చిన్న చక్రమే ఉంటది గద?"

నాయన కళ్ళు మూసుకుని ముప్ఫై ఏళ్ళ సిమెంటు దుమ్ములోకి చూశాడు. "ఉంటది," అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తె మీ నాయిన మిక్సర్ నారాజ్ అయితదని," అంది.

నాయన నవ్వలేదు గానీ, చక్రాన్ని గుడ్డతో తుడిచి నా చేతికిచ్చాడు. దాన్ని పారెయ్యక్కర్లేదు, పైకి ఎక్కించాలి, అంతే. శనివారం మళ్ళీ లేత్ దగ్గరికి వెళ్ళాను. కన్నం మిషను ఇరుసుకు సరిపడేలా మార్చమన్నాను. ఆయన ఏమీ అడగలేదు. మొదటిసారి తల అడ్డంగా ఆడించినవాడు ఈసారి నిలువుగా ఊపాడు. మోటారుకు తన దగ్గరున్న డబ్బాలోంచి అతిచిన్న చక్రం వెతికిచ్చాడు. పొడుగు బెల్టు కావాలని కూడా ఆయనే గుర్తుచేశాడు. పెద్ద చక్రానికి బల్లలో చీలిక చాలకపోతే నాయన ఉలి తీసుకుని తానే వెడల్పు చేశాడు. గోడకు బెజ్జం పెట్టేవాడి పద్ధతి అది, బల్లకు కాస్త ఎక్కువే తగిలింది.

ఆదివారం పొద్దున అమ్మ మళ్ళీ బొట్టు పెట్టింది. కొబ్బరికాయ మాత్రం ఈసారి కొట్టలేదు. "మొన్నటిదే బాకీ ఉన్నది దానికి," అంది. కొంగు నడుముకు దోపుకుని, లావు సూది ఎక్కించి, నాలుగు మడతల అంచు మిషను పాదం కింద పెట్టింది. పెడల్ మీద కాలి బొటనవేలు మాత్రమే ఆనించింది.

మిషను ఊపిరి పీల్చినట్టు కదిలింది. సూది కాన్వాసులోకి దిగడం కనిపించింది. కనిపించడమే నాకు వింత, కార్ఖానాలో సూది దిగడం నేనెన్నడూ చూసినవాణ్ణి కాదు, దిగాక గుడ్డ మీద కుట్టు చూసినవాణ్ణే. అంతకుముందు సూదిని విరిచిన మడత మీదికి వచ్చినా మిషను ఆగలేదు, వేగం తగ్గి బలం వచ్చింది. అదెలాగో నాకు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థమైనట్టు తలాడించాను. లేత్ ఆయన దగ్గర నేర్చుకున్నాను కదా.

అమ్మ పెదవులు కదులుతున్నాయి. దగ్గరికి వెళ్ళి విన్నాను. "ఇయ్యిపట్టు ఇయ్యిపట్టు ఇయ్యిపట్టు." పాత లెక్కకన్నా చాలా వేగంగా ఉంది, మాటకూ మాటకూ మధ్య సందు లేదు. మిషను ఇంకా ఉరుకుతోందేమో, ఇంకొంచెం చిన్న చక్రం వేయించమంటావా అని అడిగాను.

అమ్మ పాదం తీయకుండానే తల అడ్డంగా ఊపింది. "ఉండనియ్యి. తట్టలు మోసెటప్పుడు గిట్లనే అనేటోళ్ళం. వయసుల ఉన్నప్పుడు."

మిషను అమ్మ దగ్గరికి దిగిందో, అమ్మే మిషను దగ్గరికి ఎక్కిందో నాకు ఇప్పటికీ తేలలేదు. మధ్యాహ్నం లోపల మంచం కింది దొంతరలోంచి మొదటి సంచి పూర్తయింది. దాని తాలూకు మనిషి అమ్మ మోకాళ్ళను పరామర్శించడానికి వచ్చి గడపలో నిలబడ్డాడు. అమ్మ చప్పుడు ఆపకుండానే, చేయి చాచి, "ఇయ్యి" అనే మాట దగ్గర సంచి అతని వైపు అందించింది. అతను పట్టుకున్నాడు.