మీది నీళ్లు, కింది నీళ్లు

పాలకీడు దగ్గర మట్టి కాలువ చప్పుడు చేస్తూ వస్తుంది. అడుగున గులకరాళ్లు, ఒడ్డున తుంగ, వంపు దగ్గర చిన్న సుడి. ఆ వంపు దాటాక ఇళ్ల మధ్య స్థలం చాలక, రెండు వందల మీటర్ల పొడవున నిటారు గోడలతో ఇరుకైన కాంక్రీటు తొట్టి కట్టారు. అందులోకి వచ్చాక నీళ్ల చప్పుడు ఆగిపోతుంది. తొట్టి అయిపోయాక మళ్లీ వెడల్పాటి మట్టి కాలువే. ఆ రెండు వందల మీటర్లు కట్టిన కాంట్రాక్టరు దగ్గర నేను సైట్ ఇంజనీరును. కోదాడలో బీటెక్ అయ్యాక అదే నా మొదటి పని.

నీళ్లు వదిలాక వేగం కొలవాలి. నాకు తోడు లస్కరు, అంటే కాలువ కావలి కాసి, తూము తలుపులు ఎత్తి దించే మనిషి. మొదటి రోజు ఆయన్ని బాబాయ్ అని పిలిచాను.

"బాబాయ్ ఏంది సారూ? కాకా అను. మీ కోదాడోళ్లకు ఆంధ్ర గాలి బాగ సోకింది" అన్నాడు.

ఆయన దగ్గర ఒక కొలత ఉండేది. ఎండు జొన్నబెండు ముక్క నీళ్లలో వేసి, అది పది అంగల దూరం దాటేదాకా లెక్కపెట్టేవాడు. చిన్నప్పుడు మిర్యాలగూడ మిల్లులో వడ్లు కొలిచిన అలవాటు, అందుకని 'ఒకటి' అనడు. "లాభం, రెండు, మూడు..." పన్నెండు దాకా వస్తే దిగొచ్చు. ఎనిమిదికే దాటితే ఒడ్డునే ఉండాలి. ఊరందరిదీ అదే లెక్క. గిన్నెలు తోమేవాళ్లు, బర్రెలు కడిగేవాళ్లు బెండు వేసి చూశాకే కాలు పెట్టేవారు. నా స్టాప్‌వాచ్‌కూ ఆయన నోటికీ పెద్దగా తేడా రాలేదు. దాంతో ఆయన లెక్క మీద నాకు గౌరవం, నా వాచీ మీద ఆయనకు జాలి ఏర్పడ్డాయి.

ఆ రోజుల్లో నా ఫీల్డ్ బుక్కులో రెండు విషయాలు రాసుకున్నాను. మొదటిది: బెండును ఏ గోడ పక్కన వేసినా కాసేపటికి నడిమికి వస్తోంది. రెండోది: నీటి వేగం చూపే మీటరును లోపలికి దించి చూస్తే, పైన ఉన్న వేగం కన్నా రెండడుగుల కింద ఎక్కువ చూపిస్తోంది. మొదటిదాన్ని అలాగే ఉంచాను. రెండోదాని మీద గీత కొట్టి, పక్కన 'మీటరు తప్పు' అని రాశాను. అడుగున నెమ్మది, పైన వేగం అనే బొమ్మ నా మనసులో స్థిరపడిపోయింది. ఆ బొమ్మ వెడల్పాటి కాలువలది. ఇరుకు తొట్టిలో నీళ్లు ముందుకు పోతూనే మూలల దగ్గర తాడు పేటల్లా మెలి తిరుగుతాయి. గోడల దగ్గరి మందకొడి నీటిని పైపైన నడిమికి తెచ్చి, అక్కడ కిందికి దించుతాయి. అందుకే పైన నింపాదిగా కనిపిస్తుంది. అసలు పరుగు కింద ఉంటుంది. ఇది నేను కాలేజీలో చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున, తొట్టికి అడ్డంగా వేసిన పైపుకు గుర్రపుడెక్క చుట్టుకుంది. లస్కరు బెండు వేశాడు.

"లాభం, రెండు... పన్నెండు, పదమూడు. సూడు సారూ, ముసలి ఎద్దు నడిచినట్టు నడుస్తున్నయ్."

నేను వాచీ చూశాను. సరిపోయింది. "దిగు కాకా" అన్నాను.

ఛాతీలోతు నీళ్లు. పైపు పట్టుకొని రెండు గుప్పిళ్లు పీకాడు. మూడోసారి చెయ్యి చాచినప్పుడు కాళ్లు లేచిపోయాయి. కేక కూడా వినిపించలేదు. నేను గోడ వెంట పరుగెత్తాను. నా దగ్గర ఉన్నవి: బుక్కు, పెన్ను, వాచీ, కొలత టేపు. లేనివి: తాడు, నిచ్చెన, గోడకు పట్టుకోవడానికి ఇనుప మెట్లు. ఆయన ఎడమ గోడ వైపు ఈదాడు. వేళ్లు కాంక్రీటును తాకాయి, పాచికి జారాయి, తల మళ్లీ నడిమికి వచ్చింది. కుడి గోడ వైపు వెళ్లాడు. మళ్లీ నడిమికే. టేపు విప్పి విసిరాను. అదీ నడిమికే చేరి, ఆయన కన్నా వెనక పోయింది.

తొట్టి అయిపోయే చోట నీళ్లు ఒక్కసారిగా వెడల్పై, తెరలి, ఆయన్ని తుంగ మీదికి నెట్టాయి. ఒక చెయ్యి, రెండు పక్కటెముకలు విరిగాయి. మిర్యాలగూడ దవాఖానకు తీసుకెళ్లాం.

ఇప్పుడు సూర్యాపేటలో కూర్చొని కాలువల డ్రాయింగులు గీస్తున్నాను. టీ కలిపినప్పుడు నలకలు నడిమికి చేరడం చూస్తే గ్లాసు పక్కన పెట్టేస్తాను.

అది జరిగిన మర్నాడు దవాఖానలో ఆయనే అడిగాడు.

"లెక్క యాడ తప్పింది సారూ? పదమూడు అన్న గద."

"తప్పలేదు కాకా. మీది నీళ్లు పదమూడే. కింది నీళ్లు అంతకన్నా జోరు."

"నీకెట్ల ఎర్క?"

"మీటరు చూపించింది. మూడు వారాల కింద. మీటరుదే తప్పనుకొని కొట్టేసిన."

మంచం పక్కన అరటిపండు ఒలుస్తున్న ఆయన భార్య చెయ్యి ఆగింది. ఆయన తల నా వైపు తిప్పాడు.

"ఇంకెవరికి చెప్పినవ్?"

"ఎవరికీ చెప్పలేదు."

"మరి గీడెందుకు కూసున్నవ్? నా కోడలు రోజూ గాడనే గిన్నెలు తోముతది. ఇగ పో, జల్ది పో."

నేను చేరేసరికి మధ్యాహ్నమైంది. నలుగురు ఆడవాళ్లు గోడ తక్కువున్న చోట తొట్టి అంచున కూర్చొని, కాళ్లు నీళ్లలో వేలాడేసి గిన్నెలు తోముతున్నారు. పైన నింపాదిగా ఉన్నా కింద జోరుందని కోడలికి చెప్పాను. ఆమె నవ్వింది.

"నేను ఏసి సూసిన సారూ, పన్నెండు వచ్చింది. మా మామ ముసలోడైండు, కాలు జారింది. అంతే."

"కాలువ సదువు గిట్ల సదివిండేమో గని, సారుకు బెండు లెక్క రాదు పాపం" అంది పక్కనామె. అందరూ నవ్వారు.

ఒక బెండుకు రెండడుగుల దారం కట్టాను. దారం చివర, కొంచెం ఇసుక పోసి మూతి బిగించిన చిన్న ప్లాస్టిక్ సీసా కట్టాను. దాన్నీ, పక్కనే ఉత్త బెండునూ ఒకేసారి వదిలాను. సీసా మునిగి కనపడకుండా పోయింది. ఉత్త బెండు నింపాదిగా కదిలింది. దారం కట్టిన బెండు మాత్రం ముందుకు ఒరిగి, సగం మునిగి, దాన్ని దాటుకొని పోయింది.

ఎవరూ లెక్కపెట్టలేదు. కోడలి చేతిలో పీచు ఆగిపోయింది.

"కింద ఎవరో గుంజుతున్నరు" అంది మెల్లగా, కాళ్లు పైకి తీసుకుంటూ.

అవి గోడల వల్ల పుట్టే సుడులని చెప్పబోయాను. ఆమె అప్పటికే గిన్నెలు ఒళ్లోకి తీసుకొని, నీళ్ల మీంచి చూపు తిప్పకుండా వెనక్కి నడుస్తోంది. మిగతా ముగ్గురూ లేచారు. నేను కూడా అంచు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాను.